బ్రహ్మచారి ఎడమ వైపు

నేరేడ్‌మెట్‌లో డ్రైవింగ్ స్కూలు నడిపే బ్రహ్మచారికి పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. కూతురు అనుపమ ఉద్యోగం కూడా చేస్తోంది. అయినా కొత్తగా పరిచయమైనవాళ్ళు ఆయన పేరు విని, పక్కనున్న సుమిత్ర వైపు అనుమానంగా చూడడం మానలేదు. అలా చూసినప్పుడల్లా ఆయనే ముందుగా, "పేరు మా నాయిన పెట్టిండు, పెండ్లి మా అక్క చేసింది. వాళ్ళిద్దరు ముందుగాల మాట్లాడుకోలే" అని నవ్వేసేవాడు. ఎదుటివాడు నవ్వకముందే తన మీద తాను నవ్వేసుకుంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరని ఆయన నమ్మకం. తన బట్టతల మీద, పొట్ట మీద, ఆగి ఆగి పలికే తన ఇంగ్లీషు మీద ఆయనకున్నన్ని జోకులు కాలనీలో ఇంకెవరికీ లేవు.

ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నవ్వు ఆగిపోయేది. అక్కడ ఆయన రాజు.

"దవాఖాన మెట్లు ఎక్కింది ఒక్కసారే, అనుపమ పుట్టినప్పుడు. అది సుత పిల్లను చూసేతందుకు" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. పరీక్షలు చేయించుకున్నవాళ్ళకే రోగాలు బయటపడుతున్నాయి. చేయించుకోనివాళ్ళకు పడడం లేదు. కాబట్టి రోగాలకు మూలం పరీక్షలే. "గింత పెద్ద సంగతి కనిపెట్టిన. ఒక్క డాక్టరన్న వచ్చి శాలువా కప్పలే" అని ఇప్పుడైతే ఆయనే తల కొట్టుకుంటాడు. ఆ రోజుల్లో మాత్రం ఈ మాట కళ్ళార్పకుండా చెప్పేవాడు.

అనుపమ ఆఫీసువాళ్ళు ఉద్యోగుల తల్లిదండ్రులకు ఏటా ఉచితంగా, కళ్ళతో సహా అన్ని పరీక్షలు చేయిస్తారు. సుమిత్ర ఏటా పరగడుపున బయలుదేరేది. బ్రహ్మచారి ఏటా ఆమెను ఆటో ఎక్కించి, "నా వంతు సుత నువ్వే చేయించుకో. రెండు సీసాల రక్తమియ్యి" అని చెయ్యి ఊపి, వెనక్కి వచ్చి ఇడ్లీ తినేవాడు.

ఇదిలా ఉండగా, ఆ ఇంట్లో వస్తువులు ఆయన మీద తిరగబడడం మొదలుపెట్టాయి.

మొదట హాల్లో ఉండే పేము స్టూలు. ఏళ్ళుగా కిటికీ కింద బుద్ధిగా కూర్చున్న స్టూలు, ఉన్నట్టుండి ఆయన మోకాలికి తగిలింది. "సుమిత్రా, ఇది ఇల్లా, ప్యారడైజ్ సిగ్నలా? గిట్ల నడిమిట్ల పెడ్తే మనిషి ఎట్ల నడవాలె?" అని ఎగిరాడు. ఆమె స్టూలును మూలకు జరిపింది. ఆయన మూలకు వెళ్ళి మళ్ళీ గుద్దుకున్నాడు. తర్వాత నీళ్ళ బకెట్, ఆ తర్వాత తులసికోట గట్టు, ఆపైన బల్ల అంచున పెట్టిన చాయ్ గ్లాసు. గ్లాసు పగిలినప్పుడు సుమిత్ర, "పక్కనే పెట్టిన కదా, చూడలేదా మీరు?" అంది. "పక్కన పెడ్తే ఎట్ల కనవడ్తది? ముందల పెట్టాలె" అన్నాడాయన. ఆ జవాబులో మొత్తం రోగం ఉందని అప్పుడు ఇద్దరికీ తెలియలేదు.

స్కూటీ ఎడమ అద్దం పోయింది. కొత్తది బిగిస్తే అదీ పోయింది. తప్పు ఆటోవాళ్ళదని తేల్చాడు. ఒక పెళ్ళిలో ఫంక్షన్ హాలు స్తంభానికి భుజం తగిలితే ఆ హాలు కట్టిన ఇంజనీరును తిట్టాడు. ఇంకొక చోట మెట్టు దిగబోయి తూలితే ఆ మెట్టు కట్టిన మేస్త్రీని తిట్టాడు. సికింద్రాబాద్ మొత్తం వంకరగా కట్టారని, తానొక్కడే నిటారుగా నడుస్తున్నానని ఆయనకు గట్టిగా అనిపించింది.

ఆ ఏడాది కాలనీ సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఎన్నుకున్నారనడం కొంచెం ఎక్కువ. మీటింగులో అందరూ ఫోన్లు చూసుకుంటున్నప్పుడు ఈయన దగ్గాడు, దాన్నే అంగీకారంగా రాసుకున్నారు. ఒక కంటి ఆస్పత్రివాళ్ళు కాలనీ కమ్యూనిటీ హాలులో ఉచిత శిబిరం పెడతామని వస్తే, బ్రహ్మచారి బ్యానరు కట్టించాడు, మైకు తెప్పించాడు, వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు ఊదరగొట్టాడు. ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కాతో వేదికెక్కి, "సర్వేంద్రియాణాం నయనం ప్రధానం అన్నరు పెద్దలు. నలభై దాటినోళ్ళందరు తప్పనిసరి చూపించుకోవాలె. సిగ్గు పడొద్దు, భయపడొద్దు" అని ఉపన్యాసం ఇచ్చాడు. తనకు యాభై ఆరు. ఆ 'అందరు'లో తాను కూడా ఉన్నానన్న ఊహే ఆయనకు రాలేదు. చప్పట్లు అందుకుని దిగుతూ వేదిక చివరి మెట్టు తప్పి, ముందు వరసలో కూర్చున్నాయన ఒళ్ళో పడబోయి ఆగాడు.

"ప్రెసిడెంటు సాబ్ ఫస్టు చూపిచ్చుకోవాలె, గ్రూపుల ఫొటో పెడ్దాం" అన్నారెవరో. ఫొటో అంటే ఆయన కాదనలేడు. కుర్చీలో కూర్చున్నాడు.

పరీక్ష చేసే అమ్మాయి పేరు దేవకృప. ఆస్పత్రి నుంచి వచ్చిన ఆప్టోమెట్రిస్టు. ఒక్కో కంటికి అట్ట అడ్డుపెట్టి గోడ మీది అక్షరాలు చదవమంది. బ్రహ్మచారి చిట్టచివరి చిన్న వరస దాకా గుక్క తిప్పుకోకుండా చదివి, హాలు వైపు తిరిగి, "చూసిండ్రా?" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. అక్కడితో లేవబోయాడు.

"కూర్చోండి అంకుల్, ఇంకా ఉంది" అంది దేవకృప. గడ్డం ఒక మిషను మీద పెట్టమంది. అది కంట్లోకి ఫట్‌మని గాలి ఊదింది. ఆయన అదిరిపడ్డాడు. "ఏందమ్మా, పంచరేస్తున్నవా?" అంటే అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మళ్ళీ ఊదించింది. ఇంకోసారి ఊదించింది. తర్వాత ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆయన కుడికన్ను చేత్తో మూయించి, "నా ముక్కునే చూడండి. వేళ్ళు కనబడగానే చెప్పండి" అంది.

బ్రహ్మచారి ఆమె ముక్కును శ్రద్ధగా చూశాడు. ముక్కుపుడక లేదు. కాసేపు గడిచింది. ఇంకా కాసేపు గడిచింది.

"చూపియ్యమ్మా మరి" అన్నాడు.

"చూపిస్తున్నాను అంకుల్."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఆయన తల తిప్పాడు. తన ఎడమ చెవికి జానెడు దూరంలో ఆమె చెయ్యి ఉంది, వేళ్ళు ఆడుతున్నాయి. ఫొటో తీయడానికి ఫోను ఎత్తినవాడు మెల్లగా దించేశాడు.

"ఈ హాలుల లైట్లు మంచిగ లెవ్వు. మొన్ననే చెప్పిన సెక్రటరీకి" అన్నాడు బ్రహ్మచారి.

దేవకృప గొంతు తగ్గించి, "లైట్ల వల్ల కాదు అంకుల్. కళ్ళలో ప్రెషర్ చాలా ఎక్కువుంది. ఈ వారంలోనే ఆస్పత్రికి రండి. ఆంటీని కూడా తీసుకురండి. ఆలస్యం చెయ్యకండి" అంది.

ఆయన తలూపాడు. ఇంటికి వెళ్ళాక సుమిత్ర, "ఏమన్నరు?" అని అడిగితే, "మిషను కొత్తది. ఆ పిల్ల సుత కొత్తదే. కిందివరస దాకా సదివిన, ఇంకేం కావాలె?" అన్నాడు. అప్పుడే పొద్దున తాను మైకులో చెప్పిన 'సిగ్గు పడొద్దు, భయపడొద్దు' గుర్తొచ్చింది. సిగ్గుపడుతున్నాడా భయపడుతున్నాడా అని తనను తాను అడిగి చూసుకున్నాడు. రెండూ ఉన్నాయి. అందుకని టీవీ పెట్టాడు.

అలా ఒక వారం పోయింది. రెండో వారం కూడా సగం పోయింది.

ఆయన దగ్గర కారు నేర్చుకుంటున్నవాళ్ళలో ఊర్మిళ అనే స్కూలు టీచరు ఉండేది. ప్రతిదానికీ భయపడే మనిషి. స్టీరింగును రెండు చేతులతో రోకలి పట్టుకున్నట్టు పట్టుకునేది. ఆ పొద్దున ఏ.ఎస్. రావు నగర్ వైపు తీసుకెళ్ళాడు. నేర్పేవాడు ఎడమ సీట్లో కూర్చుంటాడు. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తడబడితే పట్టుకోవడానికి. "నేనుండంగ మీకు భయమెందుకు మేడం? మీరు ముందల చూడుండ్రి, పక్కల సంగతి నాకు వదిలెయ్యుండ్రి" అని ధైర్యం చెప్పాడు.

మార్కెట్ దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయింది. "జెర స్పీడు పెంచుండ్రి" అన్నాడు. ఆమె పెంచింది. మరుక్షణం బ్రేకు తొక్కేసింది. బండి కుదుపుకు బ్రహ్మచారి ముందుకు ఊగి, నుదురు అద్దానికి తగలబోయింది.

"ఏందీ మేడం గిది! రోడ్డు ఖాళీగనే ఉండె కదా, ఎందుకు కొట్టిండ్రు బ్రేకు?"

ఊర్మిళ వేలుతో ఎడమ వైపు చూపించింది. ఆయన తల తిప్పాడు. బానెట్ ఎడమ మూలకు ఆనుకుని జామకాయల తోపుడుబండి. దాని వెనక ఒక ముసలాయన, కారును చేత్తో ఆపినట్టుగా బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. గల్లీలోంచి ఎంతసేపటి నుంచో మెల్లగా వస్తున్న బండి. కళ్ళున్నవాడికి దూరం నుంచే కనిపించే బండి.

బ్రహ్మచారి నోరు తనంతట తానే అబద్ధం ఆడింది. "శెబాష్ మేడం. మీరు చూస్తరో లేదో అని నేను ఊకున్న. పాస్ అయిండ్రు."

ఊర్మిళ ఆయన వైపు చూసింది. "మీరు ముందల చూడమన్నరు సార్. పక్కల సంగతి మీకు వదిలెయ్యమన్నరు."

ముసలాయన తిట్టనైనా తిట్టలేదు. కింద పడ్డ జామకాయలు ఏరుకుని బండి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేదని బ్రహ్మచారికి అనిపించింది. తిట్లకు తిరుగు జవాబు ఇచ్చి అయినా కాస్త తేరుకునేవాడు.

ఆమెను ఇంటి దగ్గర దింపి, స్కూలుకు వచ్చి, ఫిరోజ్‌ను పిలిచాడు. ఫిరోజ్ ఆయనతో పాటు మొదటి నుంచీ ఉన్న రెండో ట్రైనరు, మౌలాలీ మనిషి. ఒకే చాయ్‌ని రెండు కప్పుల్లో పంచుకుని తాగే స్నేహం.

"ఫిరోజ్, జెర నా ఎడమ పక్క నిలబడు. నేను ముందల చూస్త. నువ్వు చెయ్యి ఊపు."

"ఎందుకన్నా?"

"ఊపు అంటున్న కదా."

బ్రహ్మచారి ఎదురుగా గోడ మీద అంటించిన ట్రాఫిక్ గుర్తుల చార్టును చూస్తూ కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో హారన్ కొట్టుకుంటూ పోయారు.

"షురూ చెయ్యి మరి" అన్నాడు.

"అన్నా… ఎప్పటిసందో ఊపుతున్న. చెయ్యి నొస్తుంది" అన్నాడు ఫిరోజ్.

బ్రహ్మచారికి నవ్వొచ్చింది. సగంలోనే నవ్వు ఆపి, తల తిప్పి ఆ చేతిని చూశాడు. ఫిరోజ్‌కు విషయం అర్థమై పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పరేషాన్ కాకన్నా. కానీ ఇయ్యాల్నించి బండి నేను చూస్కుంట. నువ్వు ముందుగాల డాక్టర్ తాన పో."

మర్నాడు సుమిత్రను తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. కంట్లో మందు వేశారు, లైటు వేసి చూశారు. తర్వాత చీకటి గదిలో ఒక తెల్లని గిన్నె లాంటి మిషను ముందు కూర్చోబెట్టి చేతికి ఒక బటన్ ఇచ్చారు. ఎదురుగా చుక్కను చూస్తూ ఉండాలి, చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు కనిపించినా నొక్కాలి. బ్రహ్మచారికి కొద్దిసేపట్లోనే ఒక విషయం అర్థమైంది. వెలుగు కనిపించినా కనిపించకపోయినా మిషను ఒక లయలో టిక్కుమంటోంది. ఆ లయ పట్టుకుంటే చాలు! ఇక చెలరేగి నొక్కాడు. స్కూల్లో చూచిరాతలు రాసి పాసైన చెయ్యి అది.

చీకట్లోంచి మిషను నడిపే అబ్బాయి గొంతు వినిపించింది. "సార్, లైటు రానప్పుడు సుత నొక్కుతున్నరు. మిషను పట్టేస్తది. మళ్ళ మొదటి నుంచి చేద్దామా?"

యాభై ఆరేళ్ళ వయసులో కాపీ కొడుతూ మిషనుకు దొరికిపోయిన మనిషిని తానొక్కడినేనని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. "ఎవరిని మోసం చేద్దామనుకున్ననో నాకే తెల్వదు. పాసైతే నా చూపు నాకు వాపస్ ఇస్తరా?"

డాక్టరు కల్పలత రిపోర్టు తెర మీద పెట్టింది. ఎడమకంటి చిత్రంలో నడుమ చిన్న తెల్లని చోటు మిగిలింది, చుట్టూ నలుపు. కుడికంటికి కిందివైపు నలుపు అంచులా పాకుతోంది. 

"గ్లకోమా అంటారు. తెలుగులో నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, కంటి నుంచి మెదడుకు పోయే నరాన్ని నెమ్మదిగా తినేస్తుంది. పక్క చూపు ముందు పోతుంది. నడిమి చూపు చివరిదాకా ఉంటుంది. అందుకే మీరు చార్టు చివరి వరస చదవగలిగారు."

"మరి నాకు నల్లగ ఏం కనవడ్తలేదు కదా డాక్టరమ్మా? అంతా మంచిగనే ఉన్నట్టు ఉంటది."

"మెదడు ఖాళీగా వదలదు. తనకు తోచింది నింపేస్తుంది. మీకు రోడ్డు కనిపిస్తుంది, రోడ్డు మీది మనిషి కనిపించడు."

బ్రహ్మచారికి జామకాయల ముసలాయన అరచెయ్యి కళ్ళముందు మెదిలింది. అయినా అడిగాడు, "నొప్పి లేకపాయె, ఎర్రగ కాకపాయె, నీళ్ళు కారకపాయె. రోగమన్నంక ఒక్క హారనన్న కొట్టాలె గదా?"

"ఇది హారన్ కొట్టదు. అందుకనే నలభై దాటాక ఏటా ఒకసారి చూపించుకోండని మేము కొడుతుంటాం. మీరు ఇంతకు ముందు కళ్ళు ఎప్పుడు చూపించుకున్నారు?"

లైసెన్సు రెన్యువల్‌కు మెడికల్ సర్టిఫికెట్ పెట్టిన మాట నిజమే. అందులో కళ్ళు భేషుగ్గా ఉన్నాయని రాసి ఉన్న మాటా నిజమే. కానీ అది తెలిసినవాళ్ళ ద్వారా తెప్పించుకున్న కాగితం. ఆ సంతకం చేసినాయన ఈయన కళ్ళు కాదు కదా, ముఖం కూడా చూడలేదు. అలా తెప్పించుకోగలిగినందుకు అప్పట్లో తన పలుకుబడికి తానే మురిసిపోయాడు.

"ఈ మధ్యల… చూపిచ్చుకోలే" అన్నాడు.

"పోయిన చూపు తిరిగి రాదు" అంది కల్పలత, మెత్తగానే. "ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. రోజూ చుక్కలు వేసుకోవాలి, జీవితాంతం. ఒక్కరోజు కూడా మానకూడదు. మూడు నెలలకోసారి రావాలి. బండి నడపడం ఆపేయాలి, నేర్పడం కూడా. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదు. మా ఖాందాన్‌ల అందరికి కండ్లు…" అని అలవాటుగా మొదలుపెట్టాడు.

పక్కన కూర్చున్న సుమిత్ర, "మామయ్యకు?" అంది.

బ్రహ్మచారి తండ్రి సీతాఫల్‌మండిలో బంగారం పని చేసేవాడు. చివరి రోజుల్లో పక్కనే పెట్టుకున్న పట్టకారు కోసం చాప మీద చెయ్యి అటూ ఇటూ తడిమేవాడు. గడప తన్నుకునేవాడు. కుంపటి ముందు కూర్చున్న కళ్ళు, వయసు మీదపడింది, అంతే అనుకున్నారు అందరూ. పోయేనాటికి ఆయనకు చూపు లేదు. ఆ రోగానికి ఒక పేరుందని, అది తన కళ్ళలో కూడా ఉందని ఇవాళ ఈ తెర ముందు కూర్చున్నాక తెలిసింది.

"ఇది కుటుంబంలో వస్తుంది. తోడబుట్టినవాళ్ళుంటే వెంటనే చూపించండి" అంది డాక్టరు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో మెట్టుగూడ దాటాక సుమిత్ర, "ఆ స్టూలును నేను ఎక్కడెక్కడికి జరిపిన… ఒకసారి బాల్కనీల సుత పెట్టిన. ఆడకచ్చి గుద్దుకున్నరు" అంది. తిడుతోందనుకుని ఆయన తల వంచుకున్నాడు. చూస్తే ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

"పాపం, స్టూలు తప్పేం లేదు" అన్నాడు ఆయన.

చుక్కల మందు వేసుకోవడం డ్రైవింగ్ కంటే కష్టమని ఆ వారం తెలిసింది. మొదటి చుక్క చెవిలో పడింది. రెండోది మీసం మీద. మూడోది వేసేటప్పుడు కన్ను దానంతటదే మూసుకుపోయింది. "రోడ్డు మీద లారీకి భయపడని మనిషి, నీళ్ళ చుక్కకు గింత భయమా?" అని సుమిత్ర ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని, పిల్లవాడికి వేసినట్టు రెప్ప లాగి వేసేది. కారు తాళాలు ఫిరోజ్ చేతికి ఇచ్చిన రోజు మాత్రం ఆయన ఎవరితోనూ పరాచికాలాడలేదు. షట్టరు పక్కన కుర్చీ వేసుకుని, తన బండి తన సీట్లో వేరే మనిషితో మలుపు తిరిగి వెళ్ళిపోవడం చూశాడు. నడిమి చూపు బాగానే ఉంది కాబట్టి అది మాత్రం స్పష్టంగా కనిపించింది.

ఇక మిగిలింది అక్క. జగదాంబ సీతాఫల్‌మండిలో తండ్రి ఇంటికి రెండు గల్లీల అవతలే ఉంటుంది. అరవై దాటింది. తల్లి పోయాక బ్రహ్మచారిని పెంచింది ఆమే. ఆయన బస్సెక్కి వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అక్కా, రేపు కంటి దవాఖానకు పోదాం."

"ఎవలకు?"

"నీకే."

"నాకేం రోగం తమ్మీ? సూదిల దారం ఎక్కిస్త, చూస్తవా?" అని లేవబోయింది. "పరీక్షలకు పోతే ఉన్నయి లేనియి అన్ని చెప్తరు. మన ఖాందాన్‌ల కండ్ల రోగాలు లెవ్వు. నువ్వే కదా అంటవు, పట్టించుకుంటేనే పట్టుకుంటయని?"

తన మాటలు, తన గొంతు, తన ధీమా. అక్షరం పొల్లు పోలేదు. ఇన్నాళ్ళూ తాను ఎంత మూర్ఖంగా వినిపించాడో ఆయనకు మొదటిసారి చెవులారా వినబడింది. సుమిత్ర ఇన్నేళ్ళూ దీన్ని ఎలా భరించిందో అనుకున్నాడు.

డాక్టరు చెప్పిన నరాలూ ఒత్తిళ్ళూ వివరించబోయాడు. జగదాంబ చిక్కుడుకాయల నుంచి తల ఎత్తలేదు. అప్పుడాయన తనకు బాగా చేతనైన పని మొదలుపెట్టాడు. తన కథ చెప్పాడు. ఉపన్యాసమిచ్చి మెట్టు తప్పడం, ముక్కుపుడక కోసం ముక్కు చూస్తూ కూర్చోవడం, ఫిరోజ్ చెయ్యి నొప్పి పుట్టడం, మిషను దగ్గర కాపీ కొట్టి దొరకడం, మందు చెవిలో పోసుకోవడం. ఒక్కటి దాచలేదు. జగదాంబ మొదట మూతి బిగించింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది, చివరికి చిక్కుడుకాయల చేట ఒలికిపోయేలా నవ్వింది.

నవ్వి నవ్వి ఆగాక ఆయన అన్నాడు, "నాయిన పట్టకారు దేవులాడుకునుడు యాదికున్నదా అక్కా? అది ముసలితనం కాదట."

ఆమె ఒలికిన కాయలు ఏరి చేటలో వేసింది.

"రేపు ఎన్ని గంటలకు?" అంది.

ఆమె కళ్ళలో కూడా ఒత్తిడి ఎక్కువే ఉంది. కానీ నరం ఇంకా చెడలేదు. చూపు అన్ని వైపులా పూర్తిగా ఉంది. మిషను దగ్గర వెలుగు కనిపించినప్పుడు మాత్రమే బటన్ నొక్కింది కూడా. "సరైన సమయానికి వచ్చారమ్మా. చుక్కలు మానకపోతే మీకు ఏమీ కాదు" అని కల్పలత చెప్పింది.

ఆ మాట విన్నాక బయట బెంచీ మీద బ్రహ్మచారి కాసేపు కూర్చుండిపోయాడు. ఇదే మాట తాను కొన్నేళ్ళ ముందు విని ఉండవచ్చు. అనుపమ ఆఫీసు పరీక్షలకు ఒక్కసారి వెళ్ళినా విని ఉండేవాడు. ఆ రోజుల్లో తాను ఇడ్లీ తింటున్నాడు. జగదాంబ మాత్రం ఆ సాయంత్రానికే గల్లీ అంతా తిరిగి చెప్పేసింది. "మా తమ్ముడు చెప్పవట్టి నా కండ్లు నిలబడ్డయి. యాభై ఏండ్లు దాటినంకనన్న ఒక్క మంచి పని చేసిండు."

స్కూలు ఆగిపోలేదు. రోడ్డు మీద ఫిరోజ్ నేర్పుతున్నాడు. చార్టు ముందు పాఠం మాత్రం బ్రహ్మచారిదే. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెప్తాడు, కళ్ళు చూపించుకున్నాకే స్టీరింగు అని. ఎవరైనా తెలిసిన డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెస్తామంటే, "గసుంటిది నా తాన సుత ఒకటుండె. మస్తు రాసిండ్రు దాంట్ల. కావాలంటే జిరాక్స్ ఇస్త" అంటాడు. ఊర్మిళ టీచరుకు నిజం చెప్పి క్షమాపణ అడిగాడు. ఆమె, "నాకు ఆ రోజే అనుమానమొచ్చింది సార్. మీరు మరీ ఎక్కువ మెచ్చుకున్నరు" అంది.

ఆ ఏడు అనుపమ ఆఫీసు పరీక్షలకు భార్యతో పాటు ఆయన కూడా పరగడుపున వెళ్ళాడు. షుగర్ అంచు మీద ఉందన్నారు. ఇడ్లీల సంఖ్య మీద సుమిత్రకు అధికారం వచ్చింది.

మూడు నెలల తర్వాత కంటి పరీక్షకు ఒక్కడే బస్సులో వెళ్ళాడు. అడుగు పెట్టే ముందు తల ఎడమకు పూర్తిగా తిప్పి చూడడం ఇప్పుడాయనకు అలవాటైంది. ఆ చీకటి గదిలో బుద్ధిగా కూర్చుని, వెలుగు కనబడ్డప్పుడే నొక్కాడు. కనబడనప్పుడు నొక్కకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు.

కల్పలత పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి చూసి, "ఏమీ మారలేదు. పోయినసారి ఎట్లుందో అట్లనే ఉంది. చాలా మంచి వార్త" అంది.

బయటికి రాగానే సుమిత్రకు ఫోను చేశాడు. "ఏం మారలేదంటున్నరు! జెర సుత మారలేదంట!"

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. ఆ తర్వాత మామూలు సుమిత్ర గొంతు.

"దానికి డాక్టరు దాకా పోవాల్నా? మీరు మారరని నన్ను అడిగితే నేనే చెప్తుంటి కదా. తొందరగ రాండ్రి, జొన్న రొట్టెలు చల్లారుతున్నయి."